ముదురు చెట్టే పిట్టల ఊరు

వీధిలో నిలబడ్డ చెట్టు ఏ జాతిది? దాని వయసెంత? కొమ్మలు ఏ నెలలో కొడుతున్నాం? ఊళ్లో ఏ పిట్ట ఉండాలో, ఏది వెళ్లిపోవాలో చాలావరకు ఈ మూడు సంగతులే తేలుస్తాయి. నెల్లూరు తీరంలోని రైళ్ల ఊరు బిట్రగుంట నుంచి మొదలుపెట్టి చూద్దాం.

వేపపండ్లు పసుపెక్కే కాలంలో బిట్రగుంట రైల్వే కాలనీ దారుల్లో నడిస్తే చెప్పుల కింద గింజలు చిట్లుతాయి. తలెత్తి చూస్తే కొమ్మకొమ్మకూ పిట్టలే. రామచిలుక ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో పండు పట్టుకుని గుజ్జు ఒలుచుకుంటుంది. కోకిల పండును అమాంతం మింగి, గింజను మరో వీధిలో వదిలేస్తుంది. గోరువంకలు, కాకులు, పికిలిపిట్టలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపోతుంటాయి. పండ్లు అయిపోయేదాకా ఆ చెట్టు మీద అలికిడి తగ్గదు.

ఆంధ్రప్రదేశ్ 2018లో వేపను రాష్ట్ర వృక్షంగా, రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఆ రెంటికీ ఉన్న బంధం ఏ వేసవి ఉదయమైనా కళ్లకు కనిపిస్తుంది. అయితే అందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పదేళ్ల వేపచెట్టు చిలుకకు పండు పెట్టగలదు గానీ ఇల్లు ఇవ్వలేదు. చిలుక గుడ్లు పెట్టేది తొర్రలో. తొర్ర పడాలంటే మాను ముదరాలి, కొమ్మ ఎండాలి, లోపలి చేవ మెత్తబడాలి. అందుకు ఒక మనిషి తరం పడుతుంది. మన ఊళ్లలో మొక్కలు నాటే కార్యక్రమాలకు కొదవలేదు. ముదిరిన చెట్టును నిలబెట్టుకునే కార్యక్రమం మాత్రం ఎక్కడా కనిపించదు. పిట్టల బతుకు దెబ్బతింటున్నది అక్కడే.

రైలు తెచ్చిన నీడ

బిట్రగుంట నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో ఉంది. ఉత్తరాన కావలి, దక్షిణాన నెల్లూరు, తూర్పున జువ్వలదిన్నె సముద్రతీరం. భక్తులకు ఇది కొండబిట్రగుంట ప్రసన్న వెంకటేశ్వరస్వామి ఊరు. రైల్వేవాళ్లకు లోకోషెడ్ ఊరు. 1899లో విజయవాడ-మద్రాసు లైను కలిశాక ఈ దారిన రైళ్లు పెరిగాయి. ఆవిరి ఇంజనుకు దారి పొడవునా నీళ్లు, బొగ్గు, మరమ్మతు కావాలి. ఆ అవసరాల మీదే బిట్రగుంట షెడ్డు, యార్డు, సిబ్బంది కాలనీ పెరిగాయి. 1980 నాటికి విజయవాడ-చెన్నై మార్గమంతా కరెంటు తీగల కిందికి వచ్చింది. ఆవిరి ఇంజన్లు వెళ్లిపోయాయి, వాటితోపాటు ఊరి సందడీ తగ్గింది.

రైల్వే కాలనీలు కట్టిన పద్ధతిలో చెట్లకు కలిసొచ్చిన గుణం ఒకటుంది. క్వార్టర్ల మధ్య జాగా వదిలారు. దారి పక్కన సిమెంటు పరవని మట్టి ఉంచారు. వేరు పారడానికి, మాను లావెక్కడానికి చోటు దొరికింది. ఇవాళ అడుగు జాగా వదలకుండా కడుతున్న కొత్త లేఅవుట్లలో చెట్టుకు ఆ భాగ్యం లేదు. అందుకే ఊరు విస్తరించిన కొద్దీ పిట్టలు పాత వీధుల్లోనే ముడుచుకుపోతాయి.

నెల్లూరు ప్రాంతపు పక్షులకు శాస్త్రచరిత్రలోనూ చోటుంది. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డాన్ ఇక్కడి యానాదుల దగ్గర ఈ నేల జీవజాలం గురించి తెలుసుకున్నాడు. 1862-64 మధ్య వెలువడిన ఆయన గ్రంథం ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో పక్షుల తెలుగు పేర్లూ చేరాయి. ఇంగ్లిషులో ఆయన పేరు మోస్తున్న కలివికోడి 1848లో శాస్త్రగ్రంథాలకెక్కింది. తర్వాత దశాబ్దాలపాటు ఎవరి కంటా పడక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ఆ పక్షి పలుచటి ముళ్లపొదల మధ్య తప్ప బతకదు. ఆ పొదలను చదును చేస్తే దానికి మరో చోటు లేదు. వీధి పిట్టల సంగతీ అంతే. ఏ పిట్ట అయినా తన తిండికి, గూటికి అమరిన చెట్టూ చేమా ఉన్నంతకాలమే అక్కడ ఉంటుంది.

ఎండిన కొమ్మే పురిటిల్లు

ఎండాకాలం మధ్యాహ్నం ఊరంతా తలుపులు మూసుకున్న వేళ చెట్టు పైనుంచి ‘టుక్... టుక్... టుక్...’ అని ఆగకుండా వినిపించేది కంసాలి పిట్ట. ఆకుపచ్చటి ఒళ్లు, నుదుట, రొమ్ము మీద ఎర్రటి మచ్చ. ఆకుల్లో కలిసిపోతుంది కాబట్టి కంటికి అంత తొందరగా దొరకదు. ఎండి మెత్తబడిన కొమ్మ అడుగువైపున ముక్కుతో గుండ్రటి కంత తొలిచి అందులో పిల్లల్ని చేస్తుంది. వడ్రంగి పిట్టా ఇలాగే తొలుస్తుంది. వీటి ముక్కులకు ఉన్న పనితనం తక్కిన పిట్టలకు లేదు. గోరువంక, చిన్న గుడ్లగూబ, పాలపిట్ట వంటివి తొలిచిన తొర్రనో, మాను పుచ్చి ఏర్పడిన తొర్రనో వెతుక్కుంటాయి. చిలుక ఉన్న కంతను కొరికి పెద్దది చేసుకుంటుంది. ఒక్క తొర్ర ఏళ్ల తరబడి ఒక పిట్ట తర్వాత మరో పిట్టకు పురిటిల్లవుతుంది.

మనం చెట్టును ‘శుభ్రం’ చేసేటప్పుడు మొదట పడేది ఈ ఎండుకొమ్మే. జనం నడిచే దారి మీదికి, బడి కప్పు మీదికి వాలిన ఎండుకొమ్మను తీసేయాల్సిందే, అందులో వాదన లేదు. ఎవరి తలమీదా లేని కొమ్మను కేవలం చూపుకు బాగోలేదని కొట్టేస్తే మాత్రం కొన్ని కుటుంబాలను వీధిన పడేసినట్టే.

మన దేశ పక్షుల స్థితిగతులపై 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతులను పరిశీలించింది. వాటిలో దీర్ఘకాలిక మార్పు లెక్కకు అందినవి 338. అందులో 60 శాతం జాతులు తగ్గుముఖం పట్టాయి. దసరానాడు చూడాలని మనం తపించే పాలపిట్ట పన్నెండేళ్లలో సుమారు 30 శాతం తగ్గింది. కోకిల మాత్రం దీర్ఘకాలిక లెక్కలో 75 శాతం పెరిగింది. ఈ తేడాకు కారణం ఒక్కటే అనలేం. కానీ రెండింటి బతుకు తీరు చూస్తే కొంత అర్థమవుతుంది. కోకిల సొంతంగా గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. ఊళ్లో కాకి ఉన్నంతకాలం దానికి పురిటి చింత లేదు. పాలపిట్టకు ముదురు మాను తొర్ర కావాలి, పురుగు దొరికే మైదానమూ కావాలి. పట్టణం మొదట పోగొట్టేది ఈ రెంటినే.

పండు, పువ్వు, పురుగు

తిండి విషయంలో పిట్టలకు పెద్దదిక్కు మర్రి, రావి, జువ్వి, మేడి. ఈ కుటుంబపు చెట్ల కాయలోపలే పూలుంటాయి. వాటిని ఫలవంతం చేసేది చీమతలంత కందిరీగ. ఆ కందిరీగ పుట్టేదీ ఆ కాయల్లోనే. దాని సంతతి తెగకుండా సాగాలంటే ఆ జాతిలో ఏదో ఒక చెట్టు ఎప్పుడూ కాపులో ఉండాలి. అందుకే ఒక మర్రి కాపు ముగిసేసరికి మరో మర్రి మొదలుపెడుతుంది. వేప, నేరేడు కాపు అయిపోయిన నెలల్లోనూ పిట్టల కడుపు నింపేవి ఇవే. ఊళ్లో నాలుగు జువ్వులు, రెండు రావులు వేర్వేరు వీధుల్లో ఉంటే పిట్టలకు ఏడాది పొడవునా గ్రాసం దొరికినట్టే.

పిట్టలు ఆ రుణం ఉంచుకోవు. పాత ఇటుక గోడల పగుళ్లలో, తాటిమానుల మట్టల సందుల్లో మొలిచే రావి, జువ్వి మొక్కలన్నీ వాటి రెట్టల్లో పడ్డ గింజలవే. కరెంటు తీగ కింద, కంచె వెంబడి వరసగా వేపమొక్కలు మొలవడమూ వాటి పనే. నాటేవాడు లేకుండా లేచిన చెట్లు మన వీధుల్లో ఎన్నో ఉన్నాయి.

పువ్వుది మరో వైభవం. మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాల్చి మోదుగ, బూరుగు ఎర్రగా విచ్చుకుంటే తేనెపిట్టలు, గోరువంకలు, ఏట్రింతలు మూగుతాయి. మధ్య ఆసియా నుంచి చలికాలానికి మన దేశం వచ్చే గులాబీ గోరువంకలు కూడా తిరుగు ప్రయాణానికి ముందు ఈ పూలమీద వాలతాయి.

పండు, పువ్వు కనిపిస్తాయి కాబట్టి మనం మెచ్చుకుంటాం. పిట్టల సంతతిని నిలబెట్టేది మాత్రం మనకు నచ్చని పురుగు. పండు తినే పికిలిపిట్ట, గింజ తినే పిచ్చుక, తేనె తాగే తేనెపిట్ట కూడా పసికూనల నోట్లో పెట్టేది ఎక్కువగా పురుగునూ సాలీడునూ. పురుగు బతకాలంటే దానికి అలవాటైన ఆకు కావాలి. అమెరికాలోని వాషింగ్టన్ నగర పరిసరాల్లో డెజిరే నరాంగో బృందం కరోలినా చికడీ అనే చిన్న పిట్ట మీద చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. ఇళ్ల చుట్టూ ఉన్న పచ్చదనంలో స్థానిక జాతుల వాటా 70 శాతం దాటిన చోటే ఆ పిట్టల సంతతి నిలదొక్కుకోగలుగుతోందని తేలింది. దేశం వేరైనా సూత్రం మనకూ వర్తిస్తుంది. కానుగ, రేల ఆకుల మీద గొంగళిపురుగు కనిపిస్తే మందు కొట్టమని అడగకండి. ఆ చెట్టు కొమ్మల్లోని పిల్లలకు అదే బువ్వ.

ఏ చెట్టు మీద ఏ పిట్ట?

వేప: చిలుకలకు, కోకిలలకు, గోరువంకలకు పండు. కాకికి గూడు. ముదిరితే తొర్ర పిట్టలకు ఇల్లు.

మర్రి, రావి, జువ్వి: కంసాలి పిట్ట నుంచి వంగపండు పిట్ట దాకా అందరికీ భోజనం. సాయంత్రం గోరువంకల గుంపులకు పడక.

చింత: గట్టి కొమ్మలు, ఎత్తయిన గుబురు. ఎర్రకాళ్ల కొంగల వంటి పెద్ద పక్షుల గూళ్ల బరువు మోస్తుంది.

నిద్రగన్నేరు: పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలం. అయినా పరుచుకున్న కొమ్మల్లో కొంగలు, నీటికాకులు గూళ్లు కడతాయి. పరదేశి చెట్టల్లా పనికిరానిది కాదనడానికి ఇదే సాక్ష్యం.

తాటి: వేలాడే ఆకుల్లో గిజిగాడి గూళ్లు. తల పోయి మోడైన మానులో చిలుక, పాలపిట్ట. మోడును కూడా ఉంచండి.

మునగ: చిన్న పెరడుకు సరిపోయే చెట్టు. పూలకు తేనెపిట్ట వస్తుంది. మెత్తటి ఎండుకొమ్మలో కంసాలి పిట్ట కాపురం పెడుతుంది.

ఊళ్లు కాపాడిన గూళ్లు

చెట్టునూ పిట్టనూ కలిపి కాపాడుకున్న ఊళ్లు తెలుగు నేలమీద తక్కువేం లేవు. శ్రీసత్యసాయి జిల్లా వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య ఉన్న చింతచెట్ల మీదే పిల్లల్ని చేస్తాయి. కింద మనుషుల నడక, పైన కొంగల కాపురం. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, కొంగలు వేలాదిగా చేరతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం ప్రజలు కూడా తమ ఊరికి వచ్చే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను అతిథుల్లా చూసుకుంటారు. నెల్లూరు సీమలో 1976లో ఏర్పడిన నేలపట్టు రక్షిత కేంద్రం ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. అక్కడ చెరువులో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు గూళ్లు కడతాయి.

ఈ నాలుగు చోట్లా పక్షులకు దొరికినవి రెండే: గూడు మోయగల పెద్ద చెట్టు, ఆ చెట్టు జోలికి పోని జనం. అందుకు పెద్ద అడవి అక్కర్లేకపోయింది. ఒక వీధి, ఒక చెరువుగట్టు సరిపోయాయి. బిట్రగుంట లాంటి ఊళ్లు చేయగలిగింది ఇదే.

గొడ్డలికీ ఒక కాలం ఉంది

మన తీరంలో కొమ్మలు కొట్టకుండా కుదరదు. 1989 నవంబరులో ‘గే’ తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. ఆ గాలి చూసినవాళ్లకు చెట్టంటే ప్రేమతోపాటు భయమూ ఉంటుంది. రైలుమార్గం మీది 25,000 వోల్టుల తీగలకు దగ్గరగా కొమ్మ ఉండనివ్వడం కూడా ప్రమాదమే. ప్రశ్నల్లా ఎప్పుడు, ఎలా కొట్టాలన్నదే.

ఇక్కడి పక్షుల ఏడాదిని గమనిస్తే దారి దొరుకుతుంది. కాకి, గోరువంక, చిలుక, కంసాలి పిట్ట వంటి వీధి పిట్టలు చాలావరకు చలికాలం చివరినుంచి జులై లోపు పిల్లల్ని లేపుతాయి. కొంగలు, గూడబాతుల వంటి నీటిపక్షులు ఈశాన్య రుతుపవనాలతో చెరువులు నిండాక మొదలుపెట్టి మార్చిదాకా గూళ్లలో ఉంటాయి. నెల్లూరుకు పెద్ద వానలు, తుపాన్లు వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈ రెండు పురుళ్లకూ నడుమ, తుపాన్లకు ముందు, ఆగస్టు-సెప్టెంబరు నెలలు మిగులుతాయి. కొమ్మల పని అప్పుడు పెట్టుకుంటే చాలా గూళ్లు దక్కుతాయి, తుపాను నాటికి చెట్టు బరువూ తగ్గుతుంది. ఎండాకాలంలో కరెంటు లైన్ల మరమ్మతు పేరుతో తలలు నరికే అలవాటు పిట్టలకు పిల్లలున్న వేళ వాటి ఇళ్లు కూల్చడమే. తల నరికిన చెట్టుకు ఆ కోత దగ్గర పుచ్చు పట్టి, బలహీనమైన చివుళ్లు గుత్తులుగా లేస్తాయి. మరుసటి గాలికి మొదట విరిగేవి అవే. ఏ కొమ్మ అడ్డమో దాన్నే మొదలంటా తీయడం చెట్టుకూ మనకూ మేలు.

కాలం చూడకుండా కొడితే ఏమవుతుందో 2022లో కేరళలోని మలప్పురం జిల్లా చూపించింది. జాతీయ రహదారి విస్తరణకు గూళ్లతో నిండిన చెట్టును యంత్రంతో కూల్చితే పక్షిపిల్లలు పెద్దసంఖ్యలో రోడ్డు మీద పడి చచ్చిపోయాయి. ఆ దృశ్యాలు చూసి దేశమంతా నొచ్చుకుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత పక్షుల గుడ్లను, గూళ్లను పాడుచేయడం కూడా వేట కిందికే వస్తుంది. ఈ సంగతి కొమ్మలు కొట్టించే ప్రతి గుత్తేదారుకూ పని అప్పగించే రోజే చెప్పాలి.

నీడలోనూ హెచ్చుతగ్గులు

ఏ వీధికి చెట్టు దక్కుతుంది అన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న కూడా. లాస్ ఏంజెలెస్ నగర వీధి చెట్లపై ఎరిక్ వుడ్, సెవాన్ ఎసాయన్ చేసిన పరిశోధన 2020లో అచ్చయింది. సంపన్నుల పేటల్లో చెట్లు పెద్దవిగా, దట్టంగా ఉన్నాయి. ఆ చెట్లలో మేత వెతుక్కునే పక్షుల సాంద్రత పేదల పేటలతో పోలిస్తే దాదాపు అయిదింతలు. పిట్ట కూత వినడం కూడా ఆస్తిని బట్టి దక్కుతోందని ఆ లెక్క చెప్పింది.

పిట్టతోపాటు మనిషికీ ఆ నీడే దిక్కు. బెంగళూరులో హరిణి నాగేంద్ర బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, చెట్లున్న దారుల్లో మధ్యాహ్నపు గాలి వేడి 5.6 డిగ్రీల దాకా, తారురోడ్డు వేడి 27.5 డిగ్రీల దాకా తక్కువగా నమోదయ్యాయి. రోహిణికార్తెలో నెల్లూరు జిల్లా రోడ్ల మీద తోపుడుబండి నెట్టేవారికి, స్టేషను బయట ఆటో కోసం నిలబడ్డ బాలింతకు ఈ అంకెల విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. చిలుకకు తొర్ర ఇచ్చే వేపే వాళ్లకు నీడ ఇస్తుంది.

మొక్క లెక్క, చెట్టు లెక్క

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలోని రెండో శాసనం మనుషులకూ పశువులకూ ఉపయోగపడేలా దారుల వెంట చెట్లు నాటించి, బావులు తవ్వించిన సంగతి చెబుతుంది. ఈ నేలమీద బాటసారి చెట్టుకు అంత పాత చరిత్ర ఉంది. మన తరంలో రహదారులు వెడల్పయిన కొద్దీ ఆ వరస తెగుతూ వస్తోంది. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా వెళ్లే రహదారి పక్కన తొమ్మిది వందల దాకా ఉన్న మర్రిచెట్ల కోసం ప్రకృతి ప్రేమికులు ఏళ్ల తరబడి పోరాడారు. ఆ తగవు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఆ దారిలో ప్రమాదాలు జరుగుతున్నాయి, విస్తరణా అవసరమే. అందుకే అడగాల్సింది, కొత్త దారి గీసే రోజునే పాత చెట్టును లెక్కలోకి తీసుకున్నారా లేదా అని.

కొట్టిన చెట్టుకు బదులు నాటే మొక్కలోనూ తప్పులు జరిగాయి. తొందరగా పచ్చబడుతుందని రోడ్ల మధ్య, పక్కన కోనోకార్పస్ నాటారు. మన పిట్టలకు పనికొచ్చే పండు దానికి లేదు. పుప్పొడితో అలర్జీలు, వేర్లతో పైపులకు ఇబ్బంది అన్న ఫిర్యాదులు పెరిగాక గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. తెలంగాణలోనూ విరివిగా నాటాక ఇక వద్దనుకున్నారు. పచ్చగా కనిపించడం వేరు, పిట్టకు పనికిరావడం వేరు.

బిట్రగుంట ఏం చేయాలి?

మొదట చెట్ల పుస్తకం రాయాలి. రైల్వే కాలనీలోనూ పంచాయతీ వీధుల్లోనూ ఉన్న ప్రతి పెద్ద చెట్టు జాతి, మాను చుట్టుకొలత, తొర్రలు, గూళ్లు నమోదు చేయాలి. ఇది పాఠశాల పిల్లలు చక్కగా చేయగల పని. ఏటా ఫిబ్రవరిలో ప్రపంచమంతటా జరిగే పెరటి పక్షుల గణనలో కావలి, బోగోలు, బిట్రగుంట విద్యార్థులు కూడా పాల్గొంటే ఏ చెట్టు దగ్గర ఏ పిట్ట ఉందో ఊరికే తెలుస్తుంది.

రెండోది, తొర్ర ఉన్న మానుకు గుర్తు పెట్టి, ప్రాణాపాయం ఉంటే తప్ప తాకకూడదు. కొమ్మల పనిని ఆగస్టు-సెప్టెంబరుకు మార్చాలి. విద్యుత్ శాఖ, రైల్వే, పంచాయతీ ముగ్గురూ ఒకే క్యాలెండరు పాటించాలి. మూడోది, చెట్టు మొదట్లో సిమెంటు పోయకూడదు. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని హరిత ట్రైబ్యునల్ 2013లో ఢిల్లీకి ఆదేశించింది. మనకు ఆదేశం వచ్చేదాకా ఆగడమెందుకు? నాలుగోది, కొత్తగా నాటేటప్పుడు తీగల కింద కానుగ, రేల వంటి ఓ మోస్తరు ఎత్తు చెట్లు, చెరువుగట్ల మీద మర్రి, రావి, జువ్వి, నడక దారుల్లో వేప, నేరేడు వేయాలి. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలన్న 2002 నాటి వాల్టా చట్టం ఉండనే ఉంది. దాన్ని అడిగి అమలు చేయించుకోవడం ఊరి హక్కు.

వంద మొక్కలు ఒక్క రోజులో నాటవచ్చు. నలభై ఏళ్ల చెట్టును నలభై ఏళ్ల కాలం తప్ప ఏ బడ్జెట్టూ ఇవ్వలేదు. బిట్రగుంట పాత వీధులకు ఆ కాలం ఇప్పటికే దక్కింది. దాన్ని పోగొట్టుకోకుండా ఉండటానికి ఒక పుస్తకం, ఒక క్యాలెండరు, గ్రామసభలో ఒక తీర్మానం చాలు. వచ్చే వేసవిలో చిలుక పిల్లల్ని లేపేది ఈ ఏడాది మనం కొట్టకుండా వదిలిన కొమ్మలోనే.